వారమునకొక్క సారి



పారీసు మూల మొదలుకొని మింటు వీథి చివరిదాకను, సముద్రపు టొడ్డున బర్మా బజారు మొదలుకొని వాల్‌టాక్సు రోడ్డు దాకను, ఒకదాని నొకటి యొరసికొని నిలిచిన మిద్దెలతోను, బండ్లకును మనుష్యులకును చాలని సందులతోను నిండియున్న జార్జి టౌను చెన్నపట్టణపు తెలుగువారికి పుట్టినింటి వంటిదని చెప్పుట అతిశయోక్తి కాదు. కొత్వాలు చావడి చెంతనున్న కన్యకాపరమేశ్వరీ దేవస్థానము నేటికిని ఇందుకు సాక్షి. 1914లో ఈ పట్టణమున దినపత్రికగా వెలసిన ఆంధ్రపత్రిక ఇచ్చటి తంబుచెట్టి వీథినుండియే తెలుగునాటి నలుమూలలకును పోవుచుండెను. 1931 అక్టోబరు 31వ తేదీన కినిమా సెంట్రలున విడుదలైన ‘కాళిదాసు’ చిత్రములో నాయిక తమిళమున పలుకగా నాయకుడు తెలుగున బదులు చెప్పెనని చలనచిత్ర చరిత్రకారులు వింతగా వ్రాయుదురు. ఆ చిత్రమును చూడవచ్చిన జార్జి టౌను వర్తకులకు అందు వింత యేమియు తోచియుండదు. వారి అంగళ్లలో ప్రతిదినము జరుగు బేరములన్నియు అట్టివే.

ఇట్లు రెండు భాషల నడుమ బ్రతుకు తెలుగు కుటుంబములకు టెలివిజను ఏమి ఇచ్చెను, ఏమి ఇయ్యక మానెను, నేడు దాని ముందు కూర్చున్న మాబోటివారము ఏల నిట్టూర్చుచున్నాము అను సంగతిని గూర్చి ఈ రేడియో ద్వారా మీతో కొంత ముచ్చటింపవలెనని నా కోరిక.

మదరాసు దూరదర్శన్ కేంద్రము 1975 ఆగస్టు 15వ తేదీన ప్రసారములను ప్రారంభించెను. హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న గాని రాలేదు. కాగా తెలుగువారి రాజధానికంటె రెండేండ్లు ముందుగనే మాకు టీవీ వచ్చినది. కాని అది తమిళము మాటలాడుచు వచ్చినది. సాలిడేర్ అనియు డయనోరా అనియు పేరుగల పెట్టెలు ఈ పట్టణముననే తయారగుచుండెను. నాలుగు కాళ్లపై నిలిచిన ఆ పెట్టెకు ముందువైపున సన్నని చెక్క బద్దలతో కూర్చిన తలుపు, ఇరుప్రక్కలకు నెట్టగా లోనికి జారిపోవునది, దానికొక తాళము. ప్రసారము ముగియగానే ఇంటిపెద్ద తలుపు మూసి, తాళము వేసి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, తాళపుచెవిని భద్రపరచుట ప్రతిరాత్రియు జరుగు తంతు. ఇల్లాండ్రు నగలపెట్టె తాళముతో కలిపి దానిని కొంగున ముడివేసికొనుటయు కలదు. సాయంకాలము కొన్ని గంటలు మాత్రమే బొమ్మ వచ్చును. తక్కిన దినమంతయు ఆ తలుపు మూసియే యుండును. నడుమ ప్రసారము తెగిపోయినచో అంతరాయమునకు విచారము తెలుపు తమిళపు పలక తెరమీద నిలుచును. ఆ పలకవంకనే కన్నార్పక చూచుచు జనము కదలక కూర్చుండెడివారు. పెట్టె గలవారి యిండ్లు మా సందులో కొన్నియే. అయినను శుక్రవారపు సాయంకాలము తమిళ చిత్రగీతములు వచ్చు వేళకు ఆ యిండ్ల హాళ్లలో చాప పరచిన చోటనెల్ల పిల్లలు, గుమ్మములలో పెద్దలు, కిటికీ ఊచల కావల దారినపోవు మూటలు మోయువారు నిండియుండెడివారు. పొమ్మన్నవారు లేరు.

తెలుగు మాత్రము ఆ తెరమీద అతిథిగానే వచ్చెడిది. ఆదివారము మధ్యాహ్నము ఢిల్లీనుండి ప్రాంతీయభాషా చిత్రములను ప్రసారము చేయు కాలమున, ఆంగ్లాక్షర క్రమమును అనుసరించి అస్సామీ మొదలుకొని ఒక్కొక్క వారము ఒక్కొక్క భాష వరుసగా వచ్చుచుండగా, మన తెలుగు ఆ పంక్తి చివరను గాని వచ్చెడిది కాదు. ఆ వంతు వచ్చిన ఆదివారమున కాశిచెట్టి వీథి పరిసరములందలి తెలుగిండ్లలో పెందలకడనే భోజనములు ముగించి, పండుగనాటివలె ఎదురుచూచెడివారు. ఆ చిత్రములు పురస్కారములు పొందిన గంభీర చిత్రములు. ఆటపాటలు కోరు మా వయసు పిల్లలకు అవి రుచించెడివి కావు. అయినను తెరమీదినుండి తెలుగు మాట వినవచ్చుచున్నదన్న సంతోషము చేత మా అవ్వ కడదాక కూర్చుండి చూచెడిది.

ఇక 1987 జనవరి 25వ తేదీన ఆరంభమైన రామానంద సాగరుగారి రామాయణమును గూర్చి చెప్పవలెను. దాని కళాత్మకతను గూర్చి నాకు ఎక్కువ భ్రమ లేదు. కిరీటములు అట్టతో చేసినట్లు కనబడుచునే యుండెను, ఒక్కొక్క ముఖముపై కెమెరా నిలిచిన కాలము సహనమును పరీక్షించుచునే యుండెను. అయినను ఆదివారము ఉదయము తొమ్మిదిన్నర కొట్టుసరికి మింటు వీథిలో చక్రపుబండి కదలెడిది కాదు. మా ప్రక్కయిల్లు షావుకారుపేటలోని అనేక గృహములవలె మార్వాడీలది. ఆ యింటి ఇల్లాలిని మేమందరము సేటమ్మగారు అని పిలిచెడివారము. రామాయణపు హిందీ మా అవ్వకు ఒక్క ముక్కయు తెలియదు. తెలుగు సేటమ్మగారికి తెలియదు. ఇరువురికిని ఉమ్మడియైనది అంగటి తమిళము. దశరథుడు తెరమీద ఏదో విలపించుచు చెప్పును. సేటమ్మగారు దానిని తనకు వచ్చిన విరుపుల తమిళమున మా అవ్వకు చెప్పును. మా అవ్వ ‘అది నాకు తెలుసులే తల్లీ’ అని తెలుగుననే అని, అటుపై జరుగబోవు కథను తానే తమిళమున సేటమ్మగారికి ముందుగా చెప్పును. లక్ష్మణుడు అడవికి పోవు భాగము వచ్చిన వారమున, మరునాటి మధ్యాహ్నము ఎండబెట్టిన మిరపకాయల చేరువ కూర్చుండి, తెలుగు స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర పాటను మా అవ్వ ఆద్యంతము పాడి, పదునాలుగేండ్లు భర్తకు బదులుగా తాను నిద్రించిన ఆ యిల్లాలి కథను చరణము చరణమునకు నిలిపి వివరించినది. సేటమ్మగారు ఆ కథను అట్లు ఎన్నడును వినియుండలేదట. వినుచు కన్నులొత్తుకొని, తమ ప్రాంతమున సీతమ్మను గూర్చి పెండ్లిండ్లలో పాడు పాట నొకదానిని ఆమెయు అందుకొన్నది.

నేను చెప్పదలచిన గుణము ఇదియే. ఆ కథ వారమునకొక్క సారి వచ్చెడిది. నడుమనున్న ఆరు దినములు మనవి. ఆ ఆరు దినములలో చూచినదానిని తలచుకొనుట, తర్కించుట, తప్పుపట్టుట, తమకు తెలిసిన పాఠముతో పోల్చుట, చూడనివారికి చెప్పుట అను పనులన్నియు మనుష్యులు తమంతట తాము చేసికొనెడివారు. తెర చూపినది కొంచెము. ఆ కొంచెమును ఇంటింటను మాటలతో పెంచినవారు ప్రేక్షకులు. 1988 అక్టోబరు 2న మొదలైన మహాభారతము 94 భాగములతో 1990 జూన్ 24న ముగియువరకు ఇట్లే జరిగినది. కవిత్రయపు భారతమును చదివిన పెద్దలు సందునకొకరైనను ఉండిన కాలమది. సోమవారము నాడు వారి అరుగులే విమర్శక సభలు.

మరియొక మాట. ఆనాటి ధారావాహికలకు హద్దు ఉండెను. సాధారణముగా పదుమూడు వారములకు అనుమతి ఇచ్చుట దూరదర్శన్ వాడుక. ఆదరణము కలిగినచో ఇరువదియారు, ఏబదిరెండు. రామాయణమునకు సైతము మొదట అనుమతించినవి ఏబదిరెండు భాగములే. జనాదరణ చేత అవి డెబ్బదియెనిమిదికి పెరిగినవి. హద్దు ఉన్నచోట రచయితకు ఆది మధ్యాంతముల విచారము తప్పదు. శంకర్ నాగ్ దర్శకత్వమున వచ్చిన ‘మాల్గుడి డేస్’ను తలచుకొనుడు. ఈ చెన్నపట్టణముననే 1906లో జన్మించిన ఆర్.కె. నారాయణ్ గారి కథలు అవి, సోదరుడు ఆర్.కె. లక్ష్మణ్ గారి రేఖాచిత్రములు, ఎల్. వైద్యనాథన్ గారి సంగీతము. ఒక పిల్లవాడు బడి ఎగగొట్టుటయో, ఒక ముసలివాడు మేకను గూర్చి భాష తెలియని దొరతో మాటలాడుటయో కథకు చాలినంత వస్తువు. ఆ భాగము ముగిసిన పిదప ఆ మనుష్యుడు మన మనస్సున బహుకాలము తిరుగాడుచుండెడివాడు. సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ శ్యామ్ బెనెగల్ గారి చేతిలో హిందీ ధారావాహికయై దూరదర్శన్‌లో వచ్చినప్పుడు, బాపుగారి బొమ్మలతో ఆ కథలను వారపత్రికలో చదివిన మా పెద్దలు, కృష్ణ యొడ్డున తెలుగువారు హిందీ మాటలాడుచున్నారని కొంచెము నొచ్చుకొనుచునే తృప్తిగా చూచిరి. శంకరమంచి వారు ఆకాశవాణిలో ఉద్యోగము చేసినవారు. చెవికి ఇంపుగా వాక్యము కూర్చు విద్య వారి కథలలో అడుగడుగున కనబడుటకు అది యొక కారణమని నా విశ్వాసము.

ఆనాటి లోపములను దాచుట న్యాయము కాదు. ఉన్నది ప్రభుత్వ ప్రసారము ఒక్కటే. వార్తలలో మంత్రుల ప్రారంభోత్సవములు ముందు, తక్కిన ప్రపంచము వెనుక. జార్జి టౌనులో గింజ నాటుటకు జానెడు నేల లేని మేము ఎరువులను గూర్చిన చర్చలను ప్రతి సాయంకాలమును వినవలసివచ్చెడిది. మాకు కావలసినంత తెలుగు మాకు రానే రాలేదు. అందువలననే 1995లో ఈటీవీ, జెమిని మున్నగు ఉపగ్రహ ప్రసారములు వచ్చినప్పుడు మా సందులలో కలిగిన సంతోషమును మాటలతో చెప్పజాలను. మిద్దెనుండి మిద్దెకు కేబులు తీగలు ప్రాకిన దినములవి. పొద్దుననే తెలుగు వార్తలు, మధ్యాహ్నము తెలుగు కథ, రాత్రి తెలుగు పాట. దశాబ్దములుగా అతిథిగా వచ్చుచుండిన భాష ఒక్కసారిగా ఇంటిమనిషియై కూర్చున్నది.

ఆ తొలి దశాబ్దమున మంచి పనియు జరిగినది. హైదరాబాదు దూరదర్శన్‌లో మంజులా నాయుడు గారి దర్శకత్వమున వచ్చిన ‘ఋతురాగాలు’ దినదిన ధారావాహికయే అయినను అందలి మనుష్యులు మన యిండ్లలోని గొంతుకతోనే మాటలాడిరి. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో, ఈ చెన్నపట్టణముననే జీవితము గడపిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు, పాడవచ్చిన పిల్లవానికి స్వరముతోబాటు ఒత్తును, దీర్ఘమును దిద్దెడివారు. పాట వ్రాసిన కవి యెవరు, ఆ పదము అచ్చట ఏల పడినది అని నిలిచి చెప్పెడివారు. మా యింటి పిల్లలు శకటరేఫమును బలముగా పలుకవలెనని నేర్చినది ఆ కార్యక్రమము చూచియే. 2001 నవంబరులో జెమినిలో మొదలైన గుణ్ణం గంగరాజు గారి ‘అమృతం’ ఆరేండ్లు నడచినది. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు స్నేహితులు, ఒక చిన్న హోటలు, ఒక ఇంటి యజమాని, ఒక సర్వరు. వీరితోనే వందలకొలది భాగములు. అందు ఒకరిని ఏడ్పించి నవ్వించుట లేదు. ఆ హాస్యము మాటలో నుండి పుట్టినది. అదియును వారమునకొక్క సారి వచ్చినదే యని మీకు జ్ఞాపకము చేయుచున్నాను.

ఇప్పటి సంగతికి వత్తును. నేడు సాయంకాలము ఆరుగంటలనుండి రాత్రి పదిదాక ఏ తెలుగు వాహినిని త్రిప్పినను ధారావాహికలే. సోమవారము మొదలు శనివారము దాక దినమునకొక భాగము. ప్రకటనలు, నిన్నటి కథ, రేపటి కథ పోగా మిగులునది ఇరువది నిమిషములకు కొంచెము ఇటునటు. ఆ ఇరువది నిమిషములలో జరుగునది ఏమి? ఒక స్త్రీ గుమ్మములో నిలిచి ఒక మాట అనును. ఉరుము ఉరిమినట్లు వాద్యము మ్రోగును. అత్తగారి ముఖము మూడుసార్లు దగ్గరగా వచ్చును. పిదప మామగారి ముఖము, ఆడుబిడ్డ ముఖము, వంటమనిషి ముఖము. అందరును పట్టుచీరలతో, సర్వాభరణములతో, హాలు నడుమ వరుసగా నిలిచియే యుందురు. కూర్చున్నవారు లేరు, కూర తరుగుచున్నవారు లేరు, చదువుకొను పిల్లవాడు లేడు. ఆ యిల్లు ఏ ఊరిలో ఉన్నదో చెప్పుటకు ఒక్క గుర్తు కనబడదు. గుంటూరా, ఓరుగల్లా, విజయనగరమా? వారి మాటలో ఏ సీమ యాసయు లేదు. పోనీ పుస్తకముల తెలుగును కాదు. హిందీనుండి అనువదించిన ధారావాహికలలో పెదవుల కదలికకు సరిపెట్టుటకై కుదించిన వాక్యములే క్రమముగా స్వతంత్ర రచనలలోనికిని ప్రాకి, తెలుగువాడు ఎన్నడును అనని తీరున తెలుగు పాత్రలు మాటలాడుచున్నవి. కథ ముగియవలసిన చోట ముగియదు. మరణించినవారు మరల వత్తురు, జ్ఞాపకశక్తి పోవును, కవలలు పుట్టుకొని వత్తురు. పాకము ముదిరిన పిమ్మటను పొయ్యిమీదినుండి దింపని వంటవలె అది అడుగంటును.

ఇందుకు ఆ రచయితలను, నటులను నిందించుటకు నాకు మనసొప్పదు. వారిలో సమర్థులు కలరు. వారమునకు ఆరు భాగములు చిత్రించి ఇయ్యవలసిన పనిలో, రాత్రి వ్రాసిన మాటను ఉదయము నటుడు పలుకవలసిన తొందరలో, వాక్యమును తిరిగి చదువుకొను తీరిక ఎవరికి కలదు? ప్రతి గురువారము వెలువడు ప్రేక్షకసంఖ్యల పట్టికను బట్టి పాత్రల బ్రతుకులు మారుచుండగా, కథకు అంతము ముందుగా ఎవరు నిర్ణయింపగలరు? హద్దు లేనందువలన కథ పోయినది. విరామము లేనందువలన మాట్లాడుకొనుట పోయినది. నేటి ధారావాహికను చూచి లేచినవారు దానిని గూర్చి పొరుగువారితో ముచ్చటింపరు. రేపటి భాగము వచ్చుచునే యున్నది కదా.

ప్రతి తరమును వెనుకటి వినోదమును పొగడి ఎదుటిదానిని తెగడునని మీరు అనవచ్చును. నిజమే. 1891లో బళ్లారి సరసవినోదినీ సభవారు ధర్మవరము కృష్ణమాచార్యులవారి నాయకత్వమున ఇచ్చటికి వచ్చి తెలుగు నాటకములు ఆడినప్పుడు, వీథిభాగవతములకు అలవాటుపడిన పెద్దలు పెదవి విరిచియే యుందురు. కాని ఆ నాటకములను చూచిన పమ్మల్ సంబంధ మొదలియారు గారు ఉత్సాహము పొంది ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించిరి. తమిళ నాటకరంగమున ఒక నూతన శకము ఆరంభమైనది. ఒక వినోదము మంచిదగుటకు ఇంతకంటె పరీక్ష వేరే అక్కరలేదు: చూచినవానికి తానును ఏదో చేయవలెనని, చెప్పవలెనని, పాడవలెనని తోచవలెను. మా అవ్వకు తోచినది. నేటి తెర ముందు కూర్చున్న మనుమరాలికి తోచుచున్నదా అని నేను చూచుచున్నాను, తోచుట లేదు.

ఈ విచారము తెలుగునాట నుండువారికి కొంత తక్కువగా ఉండవచ్చును. అచ్చట తెర చెడినను వీథిలో తెలుగు కలదు, బడిలో కలదు. ఇచ్చట 2006లో వచ్చిన చట్టముచేత బడులలో తమిళము నిర్బంధ పాఠ్యమైనది. ఉన్న ఊరి భాషను చక్కగా నేర్చుట మన కర్తవ్యమే. అందు నాకు ఫిర్యాదు లేదు. కాని బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది, తల్లిదండ్రులు అంగడి పనులలో మునిగియున్న యింట, అవ్వలు తాతలు లేని యింట, పిల్లల చెవిని పడు తెలుగు చాలవరకు టీవీ తెలుగే. వారికి అది వినోదమనుట సగము మాట. అదే వారి వాచకము, అదే వారి నిఘంటువు. మొన్న మా వీథిలోని ఒక పాప తల్లిని గూర్చి కోపముతో పలికిన వాక్యము అచ్చముగా ధారావాహికలోని అత్తగారి వాక్యము. ఆ ఒత్తు, ఆ విరుపు, ఆ కనుబొమ ఎత్తుట సమస్తమును అదే. అంత చక్కగా పట్టుకొనగల చెవికి మనము ఏమి వినిపించుచున్నామో ఆలోచింపుడు.

ఈ రేడియోకు తెలుగుతో పాత ఋణము కలదు. 1938 జూన్ 16న మదరాసు కేంద్రము వెలసిన నాటినుండి, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వచ్చువరకు, కోస్తా తెలుగువారు తమ భాషలో నాటకమును, ప్రసంగమును, లలితగీతమును విన్నది ఈ పట్టణమునుండియే. ఆ చనవుతోనే రెండు విన్నపములు చేయుచున్నాను. హైదరాబాదు, విజయవాడ దూరదర్శన్ కేంద్రముల అధికారులు తమ భాండాగారములందలి పాత తెలుగు నాటికలను, ధారావాహికలను, సాహిత్యగోష్ఠులను దుమ్ము దులిపి యాదగిరి, సప్తగిరి ప్రసారములలో వారమునకొక్క సారియైనను నియమముగా చూపవలెను. 2020లో జనులందరును ఇండ్లలో చిక్కుకొన్నప్పుడు పాత రామాయణమును తిరిగి ప్రసారము చేయగా దేశమెంత ఆదరించెనో వారు ఎరిగినదే. తెలుగు భాండాగారమునకు ఆ భాగ్యము ఏల కలుగరాదు? తెలుగు వాహినుల యజమానులు, తమ ఆరుదినముల ధారావాహికలను మానకపోవుదురు గాక, ఆదివారపు ఒక్క గంటను పదుమూడు వారములలో ముగియు కథకు విడువవలెను. కథలు వెదుకనక్కరలేదు, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారివి కలవు, చాసో గారివి కలవు, కొడవటిగంటి కుటుంబరావు గారివి కలవు, మధురాంతకం రాజారాం గారివి కలవు.

శ్రోతలారా, మీరును ఊరకుండవలదు. నచ్చిన కార్యక్రమము వచ్చిననాడు మెచ్చుచును, భాష చెడినచోట చెడినదని చెప్పుచును ఆ యా వాహినులకు ఒక ఉత్తరము వ్రాయుడు. లెక్కల పట్టికలలో కనబడని ప్రేక్షకులు ఉన్నారని వారికి తెలియుటకు అదియే మార్గము. పిల్లలచేత కూడ రెండు పంక్తులు వ్రాయించుడు, తెలుగులోనే వ్రాయించుడు.